దుబాయ్ చైనా బజారులో ఒక పేరు రాసి వచ్చాను

మా ఊళ్ళో నా అంత ఇంగ్లీషు రాసినవాడు లేడు. పాలకొల్లు చుట్టుపక్కల కాన్వెంటు గోడల మీద, మందుల షాపుల మీద, రెండడుగుల ఎత్తు అక్షరాలతో ముప్ఫయ్యేళ్ళుగా రాస్తున్నాను. రాసినదాంట్లో ఎంత అర్థమైందని మాత్రం అడక్కండి. ఏడో తరగతిలో బడికి సెలవు పెట్టాను. ఆ సెలవు ఇంకా నడుస్తోంది. ఒకసారి పశువుల ఆసుపత్రి బోర్డూ, బ్యూటీ పార్లరు బోర్డూ ఒకే రోజు రాసి, ఆరాక ఒకదాని చోట ఇంకోటి బిగించి ఇంటికొచ్చి పడుకున్నాను. సాయంత్రం దాకా ఎవరూ పట్టించుకోలేదు. చివరికి కనిపెట్టింది, గేదెను తోలుకుని పార్లరు మెట్ల దాకా వచ్చిన ఒక ఆసామి.

అలాంటివాణ్ణి మా అక్క సుగుణ దుబాయ్ రమ్మంది. ఫ్లెక్సీలు వచ్చాక నాకు ఊళ్ళో పెద్దగా పని లేదని దానికి తెలుసు. మా బావ డేవిడ్ అక్కడ ఏసీల కంపెనీలో సూపర్‌వైజరు. ఆయనే టిక్కెట్టూ, విజిట్ వీసా పంపించాడు. వీసా కాగితం చూసి మా ఆవిడ, "అక్కడ కూడా బోర్డులు మార్చకండి" అంది.

మెట్రోలో

దుబాయ్ మెట్రోలో డ్రైవరుండడు. ఆ సంగతి బావ ముందే చెప్పాడు కాబట్టి భయపడలేదు. నేను భయపడాల్సింది వేరే ఉందని మాత్రం చెప్పలేదు. రద్దీలో ఆయన ఒక తలుపులోంచి ఎక్కాడు, నేను పక్క తలుపులోంచి. లోపల గోడ మీద గులాబీరంగులో ఏదో రాసి ఉంది. అక్షరానికీ అక్షరానికీ మధ్య జాగా ఎంత సమంగా ఉందో. ఒక్క చోట కూడా వంకర లేదు. మెడ వెనక్కి వంచి అలా చూస్తూనే ఉన్నాను. కాసేపటికి చుట్టూ అందరూ ఆడవాళ్ళేనని అర్థమైంది. ఒక ఫిలిప్పీన్స్ అమ్మాయి వేలితో ఆ రాతనే చూపించింది. ఆడవాళ్ళ పెట్టె అని రాసుందట. నేను దాని అందం చూస్తున్నాను గానీ మాట చదవలేదు.

తర్వాతి స్టేషనులో తనిఖీ మనిషి ఎక్కకముందే బావ నన్ను చెయ్యి పట్టి లాగేశాడు. జరిమానా ఎంతో చెప్పి, దాన్ని మన రూపాయల్లోకి మార్చి మరీ చెప్పాడు. అక్కడికెళ్ళిన మొదటి వారం ప్రతివాడూ చేసే పని ఇదే. ఒక దిర్హామంటే ఇరవై మూడు రూపాయలని గుణించి, టీ తాగకుండా దాహంతో తిరుగుతాడు. తర్వాత గుణించడం మానేసి టీ తాగుతాడు.

నైఫ్

నైఫ్ అనే పాత బజారులో దుకాణాలు ఒకదాని మీద ఒకటి పడుతున్నట్టుంటాయి. దుప్పట్లు, అత్తర్లు, సూట్‌కేసులు, బంగారంలా మెరిసే గడియారాలు. నడిచేవాళ్ళలో సగం మంది కొనడానికి రారు, ధరలు తెలుసుకోడానికి వస్తారు. ఒక దిర్హామున్నరకు కడక్ చాయ్ ఇచ్చారు. కాగితపు గ్లాసుడు చాయ్, యాలకుల వాసన, తాగాక నోట్లో అరగంట దాకా నిలిచే తీపి.

ఆ చాయ్ కొట్టు దగ్గరే మల్లేశం కలిశాడు. జగిత్యాల దగ్గర పల్లెటూరు, భవనాలకు రంగులేసే పని. నేనూ బావా తెలుగులో మాట్లాడుకోవడం విని తనే పలకరించాడు.

"గోదావరి దిక్కా అన్నా మీది? నీ మాట వింటేనే తెల్సింది."

నేను కూడా రంగుల మనిషినేనని చెప్పాను. అతను గోడలకు వేస్తాడు, నేను గోడల మీద వేస్తాను. ఆ మాటకు నవ్వి, సత్వాలో తన రూముకు ఒక పూట భోజనానికి రమ్మన్నాడు. అడ్రసు చెప్పమంటే వీధి పేరు చెప్పలేదు. కార్ల సీట్లు కుట్టే దుకాణాల వెనక, మెట్ల కింద ఎప్పుడూ ఎర్ర సైకిలు ఉండే బిల్డింగు అన్నాడు. మన ఊరి అడ్రసులే నయమనుకున్నాను, కనీసం ఇంటిపేరు చెప్తారు.

అక్క వాళ్ళ భోజనాల బల్ల

అక్క వాళ్ళుండేది ఊరికి ఒక చివర, ఒకే అచ్చులో పోసినట్టుండే మేడల కాలనీలో. మొదటి రోజు సిగరెట్టుకని దిగి, తిరిగి వచ్చేటప్పుడు మూడో మేడెక్కి ఎవరిదో తలుపు కొట్టాను. తలుపు తీసిన పాకిస్తానీ పెద్దాయన ఏమీ అడక్కుండా ఎదురు మేడ వైపు చెయ్యి చూపించాడు. ఇలాంటివాళ్ళు ఆయనకు అలవాటే కాబోలు.

అక్క పెళ్ళికి ముందు నరసాపురం కాన్వెంటులో ఇంగ్లీషు టీచరు. ఇప్పుడు పర్మిట్ తీసుకుని ఇంట్లోనే సాయంత్రాలు పాఠం చెబుతోంది. చదువుకోడానికి వచ్చేది చైనా పిల్లలు. ఆ కాలనీకి పక్కనే చైనా వాళ్ళ పెద్ద బజారుంది. అక్కడ వ్యాపారాలు చేసేవాళ్ళ పిల్లలు కొందరు చైనా భాషలోనే అన్నీ చెప్పే బళ్ళో చదువుతారు. లెక్కలు, సైన్సు అన్నీ వాళ్ళ భాషలోనే, ఇంగ్లీషు ఒక సబ్జెక్టు. హైస్కూలుకు వచ్చేసరికి ఆ ఇంగ్లీషు పేపర్లో పేజీడు పాసేజీ ఇచ్చి కింద ప్రశ్నలేస్తారు. ఒక్కో ప్రశ్నకు నాలుగు జవాబులుంటాయి, ఒకటి ఒప్పు.

ఆ సాయంత్రం వచ్చిన పిల్ల పేరు యూటింగ్. పదకొండో తరగతి. కళ్ళద్దాలు, నడుం దాకా బ్యాగు. బల్ల దగ్గర కూర్చుని పాసేజీని గుక్క తిప్పుకోకుండా చదివేసింది. నేను అక్కతో, ఇంత బాగా చదివే పిల్లకు నువ్వు చెప్పేదేముందన్నాను. చూస్తూ ఉండు, అంది అక్క.

ప్రశ్నలు మొదలయ్యాయి. పిల్ల పాసేజీ మీద అరచెయ్యి పెట్టేసి, ముందు ప్రశ్న చదివింది. ప్రశ్నలో ఒక మాటకు సున్నా చుట్టింది. చెయ్యి తీసి, పాసేజీలో అదే మాట ఎక్కడుందో వెతికింది, బియ్యంలో రాళ్ళేరినట్టు. దొరికిన చోట గీత గీసి జవాబు పెట్టింది. బళ్ళో వాళ్ళకు నేర్పిన పద్ధతి అదేనట. ఎవరు, ఎక్కడ, ఎప్పుడు అన్నవన్నీ ఒప్పు. ఎందుకు అన్నది వచ్చేసరికి మాత్రం తప్పు. ఎందుకంటే ఆ 'ఎందుకు' పాసేజీలో రాసి ఉండదు, మనం ఊహించుకోవాలి.

ఆ రోజు పాసేజీలో రొట్టెలమ్మే ఒకావిడ రోజూ కొట్టు కట్టేశాక, మంచి రొట్టె ఒకటి సంచిలో పెట్టి గుమ్మం బయట వదిలి వెళ్తుంది. ఎవరన్నా అడిగితే, నిన్నటిదిలే, అంటుంది. ఈవిడ ఎలాంటి మనిషి అని ప్రశ్న. యూటింగ్ 'పాత సరుకు అమ్మే మనిషి' అని పెట్టింది. పాసేజీలో 'నిన్నటిది' అన్న మాట ఉంది కదా.

అక్క నాకు తెలుగులో కథంతా చెప్పి, నువ్వయితే ఏం పెడతావురా, అంది. బుర్ర చించుకుని ఆలోచించి, పొయ్యి మరీ పెద్దది కొనుంటుంది, రొట్టెలు మిగిలిపోతున్నాయి, అన్నాను. అక్క దాన్ని ఇంగ్లీషులో చెప్పగానే యూటింగ్ నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని నవ్వింది. తనకంటే వెనకబడినవాడు ఒకడు దొరికాడన్న ధీమా ఆ నవ్వులో కనిపించింది. అప్పటినుంచీ నాకూ తనకూ బాగా కుదిరింది.

పిల్ల వెళ్ళాక అక్క అసలు సంగతి చెప్పింది. వచ్చే వారం పరీక్ష. ఇంగ్లీషు తప్పితే వాళ్ళ నాన్న తనను చైనాలో నాయనమ్మ దగ్గరకు పంపి అక్కడి హాస్టలు బళ్ళో వేస్తానన్నాడు. పిల్ల నాలుగేళ్ళప్పుడు దుబాయ్ వచ్చింది. ఆ నాయనమ్మను ఫోనులో తప్ప ఎరగదు. స్నేహితులు, అమ్మ, తన గది అన్నీ ఇక్కడే. పోయిన పరీక్షలో తప్పింది కూడా ఈ 'ఎందుకు'ల దగ్గరే.

"సగం పట్టుకున్నా గట్టెక్కుద్దిరా. రోజూ కూర్చోబెడితే పట్టుకుంటది," అంది అక్క.

చైనా బజారు

చైనా బజారు లోపల నడుస్తుంటే ఒక ఊరు దాటి ఇంకో ఊరు వెళ్ళినట్టుంటుంది. కుళాయిలు ఒక వీధి, తలుపు గడియలు ఒక వీధి, ప్లాస్టిక్ పూలు ఒక వీధి. పూల వీధిలో ఒక మల్లెచెండు చూసి ముక్కు దగ్గర పెట్టుకున్నాను. అమ్మే అతను జాలిగా చూశాడు.

యూటింగ్ వాళ్ళమ్మకు లైట్ల కొట్టుంది. అక్క నన్ను తీసుకెళ్ళి పరిచయం చేసింది. ఆవిడ మాకు మొదట ఇచ్చింది వేడినీళ్ళు. బయట రాళ్ళు పగిలే ఎండ, లోపల పొగలొచ్చే నీళ్ళు. వాళ్ళకు చన్నీళ్ళు ఒంటికి పడవని నమ్మకం. మన దగ్గర జ్వరమొస్తేనే ఇచ్చేది వాళ్ళు చుట్టాలకిస్తారు. తర్వాత పొద్దుతిరుగుడు గింజలు పెట్టింది. అవి పంటితో చీల్చి, పప్పు తిని, పొట్టు పక్కన పెట్టాలి. ఆవిడ మాట్లాడుతూనే గుప్పెడు పూర్తి చేసింది. నేను నాలుగు తినేసరికి గెడ్డం మీద పొట్టు అంటుకుంది. ఏది ఇచ్చినా రెండు చేతులతో ఇస్తుంది, తీసుకున్నా రెండు చేతులతోనే. కుడి చేత్తో ఇవ్వాలని మనం పిల్లల్ని తిడతాం, వాళ్ళకు రెండూ కావాలి.

నా కంటికి ఆ బజారంతా ఎరుపే. ఎర్ర లాంతర్లు, ఎర్ర కాగితాలు, డబ్బులు పెట్టిచ్చే ఎర్ర కవర్లు, గల్లా దగ్గర ఎర్ర బట్ట. వీళ్ళకు ఎరుపు మీద ఇంత ప్రేమా అనుకున్నాను. అక్కడే ఒక ఆలోచన వచ్చింది. పరీక్షలకెళ్ళే పిల్లల ప్యాడ్‌ల మీద మా వైపు పేర్లు రాసేది నేనే. మార్చి నెలొచ్చిందంటే మా వాకిట్లో పదో తరగతి పిల్లలు అట్టలు పట్టుకుని నిలబడేవారు. పేరు ఎర్ర ఎనామిల్‌తో, మూలకో పువ్వు. నా చేత రాయించుకున్న ప్యాడ్‌తో వెళ్ళినవాళ్ళు పాసయ్యేవారని ఒక మాట ప్రచారంలో ఉండేది. ఆ ప్రచారం చేసిందీ నేనే.

యూటింగ్ చేత తన పేరు ఒక కాగితం మీద రాయించుకున్నాను. మూడు అక్షరాలు. ఎందుకో చెప్పలేదు.

సత్వా

మల్లేశం చెప్పిన ఎర్ర సైకిలు నిజంగానే ఉంది. రూములో ఇనప మంచాలు ఒకదాని మీద ఒకటి. ఒక్కో మంచానికీ ఒక్కో చీర పరదా. ఏ ఇంటి చీరో చూస్తే ఏ ఊరివాడో చెప్పొచ్చని మల్లేశం అన్నాడు. ఆ పూట పచ్చిపులుసు, జొన్నరొట్టె, కోడికూర. పచ్చిపులుసు చూసి చారు కాచడం మర్చిపోయారా అని అడిగాను. ఎవరూ నవ్వలేదు. రెండోసారి వేయించుకుని తిన్నాక నేనే నవ్వాను.

తిన్నాక కిందికి దిగి హార్డ్‌వేర్ కొట్లో ఎనామిల్ డబ్బాలు కొన్నాం. క్లిప్పున్న ప్యాడ్ నైఫ్‌లోనే తీసుకున్నాను. రూములో కింది మంచం మీద పేపరు పరిచి కూర్చున్నాను. చైనా అక్షరాలు ఎలా రాస్తావని అందరూ చుట్టూ చేరారు. నాకు ఇంగ్లీషు ఎంతో చైనా భాషా అంతేనని, రెండూ బొమ్మలేనని చెప్పాను. గళ్ళు గీసి, ఆ పిల్ల రాసిన ప్రతి గీతా ఎక్కడ లావో ఎక్కడ సన్నమో చూసి పెద్దది చేశాను. పేరు ఎరుపు. నాలుగు మూలలా నాలుగు పసుపు పూలు.

"పాణం పోసినవన్నా," అన్నాడు మల్లేశం. నాకూ అలాగే అనిపించింది.

మర్నాడు నేనే తీసుకెళ్ళి లైట్ల కొట్లో ఇచ్చాను. యూటింగ్ బడికెళ్ళింది. వాళ్ళమ్మ రెండు చేతులతో అందుకుంది, చూసింది, ఒక్క క్షణం ఆగింది. తర్వాత నవ్వి, "వెరీ గుడ్, వెరీ గుడ్, థ్యాంక్యూ" అంది. ప్యాడ్‌ను గల్లా వెనక పెట్టింది, పేరున్న వైపు గోడకు తిప్పి. దుమ్ము పడకుండా ఎంత జాగ్రత్తో అనుకుని సంబరంగా తిరిగొచ్చాను.

ఆ సాయంత్రం యూటింగ్ పాఠానికి రాలేదు. జలుబట. మర్నాడూ రాలేదు. అక్క ఫోను చేస్తే వాళ్ళమ్మ మళ్ళీ జలుబే అంది, చాలా మర్యాదగా. పరీక్ష దగ్గరకొచ్చేస్తోంది. అక్క దగ్గరే చదువుకునే ఆ పిల్ల స్నేహితురాలు మాత్రం యూటింగ్ బడికి వస్తోందనీ, మధ్యాహ్నం పరుగుపందెంలో కూడా ఉందనీ చెప్పింది. అక్క పుస్తకాలు సర్దింది. తన పాఠంలోనే ఏదో లోపముందనుకుంది. నేనూ అదే అనుకుని ఓదార్చాను. అంత తెలివైనవాణ్ణి.

రాస్ అల్ ఖైమా

శనివారం బావకు సెలవు. అక్క మనసు బాగాలేదని, దాని కాన్వెంటు స్నేహితురాలు రత్నకుమారి ఇంటికి రాస్ అల్ ఖైమా తీసుకెళ్ళాడు. దారిలో ఎత్తు మేడలు తగ్గి, ఇసుక పెరిగి, చివరికి కొండలు వచ్చాయి. గడ్డిపరక లేని బోడికొండలు. ఒకదాన్ని సగం దాకా తొలిచేశారు. క్రషర్ల దుమ్ము లారీల వెనకే వస్తోంది. దుబాయ్ మేడల్లో ఈ కొండ రాయి ఎంతుందో అన్నాడు బావ.

రత్నకుమారి అక్కడొక ఆసుపత్రిలో నర్సు. మా జిల్లా మనిషి, గలగలా మాట్లాడుతుంది. చేపల మార్కెట్టుకు నన్ను తోడు తీసుకెళ్ళింది. మన వంజరం లాంటి చేపను వాళ్ళు కనద్ అంటారు. మన ధరతో గుణించి నేను వద్దన్నాను. ఆవిడ నన్ను పట్టించుకోకుండా కొనేసింది. చింతపండు పులుసులో అది మా నరసాపురం రేవు చేపకు ఏమీ తీసిపోలేదు. భోజనాల దగ్గర అక్క యూటింగ్ సంగతి చెప్పింది. నేను ప్యాడ్ సంగతి కూడా చెప్పాను, నా పనితనం వర్ణించడానికి.

రత్నకుమారి ముద్ద కలపడం ఆపింది. వాళ్ళ వార్డులో ఒక చైనా ఆయన్ని నాలుగో నంబరు మంచం మీద పడుకోబెడితే, ఏమీ అనకుండా నవ్వుతూనే, కుర్చీలో కూర్చుని రాత్రంతా గడిపాడట. నాలుగు అన్న మాట వాళ్ళ భాషలో చావులా వినబడుతుందట, అది వాళ్ళకు చావు లెక్క. ఎవరో చెప్పేదాకా ఎవరికీ తెలియలేదు.

"ఆళ్ళు కాదనరు బాబూ. కాదని మనమే కనిపెట్టాల."

 నాలుగు మూలలు, నాలుగు పూలు. పరీక్షకెళ్ళే పిల్ల పేరు చుట్టూ చావు లెక్క పెట్టి ఇచ్చానన్నమాట.  

మళ్ళీ లైట్ల కొట్టు

ఆదివారం ఇద్దరం కొట్టుకెళ్ళాం. వేడినీళ్ళు వచ్చాయి, గింజలు వచ్చాయి. ప్యాడ్ ఇంకా గోడ వైపే తిరిగి ఉంది. యూటింగ్ ఒక మూల స్టూలు మీద ఉంది, జలుబు ఏ కోశానా లేదు. వాళ్ళమ్మ లైట్ల ధరల గురించి మాట్లాడుతోంది. నేను జేబులోంచి చిన్న బ్రష్షూ పసుపు డబ్బా తీసి, ప్యాడ్ అడిగి తీసుకుని, ఒక్కో మూలా ఒక్కో పువ్వు అదనంగా వేసేశాను. ఎనిమిది. ఎనిమిది వాళ్ళకు మంచిదని బావ చెప్పాడు. గర్వంగా చూపించాను. ఆవిడ, వెరీ గుడ్, అని అందుకుని మళ్ళీ గోడ వైపే తిప్పింది.

యూటింగ్ లేచి, మమ్మల్ని సాగనంపుతానని బయటి నడవలోకి వచ్చింది. అమ్మ చెప్పలేనిది తను నోటితో చెప్పడం మర్యాద కాదని ముఖంలోనే కనబడుతోంది. కాసేపు కళ్ళద్దాలు తుడుచుకుంది. తర్వాత అక్కతో, టీచర్, నేనొక ప్రశ్న అడుగుతాను, అంది. ఇంగ్లీషులో నెమ్మదిగా అడిగింది, అక్క నాకు తెలుగులో చెప్పింది.

ఒక ఆవిడకు ఒక చుట్టం బహుమతి ఇచ్చాడు. ఆవిడ థ్యాంక్యూ చెప్పి దాన్ని గోడకు తిప్పి పెట్టింది. ఎందుకు? ఎ, ఆ మనిషంటే ఇష్టం లేదు. బి, బొమ్మ బాగాలేదు. సి, దాన్ని చూస్తే భయం. డి, దుమ్ము పడకుండా.

"డి," అన్నాను నేను.

అక్క నన్ను ఎగాదిగా చూసి, "ఎ" అంది.

యూటింగ్ ఇద్దరికీ తల అడ్డంగా ఊపింది. టీచరు తప్పు చెయ్యడం తనకు కొత్త. కొంచెం సంతోషంగా కూడా ఉన్నట్టుంది. సి, అంది. ఎందుకు భయమని అక్క అడిగితే, మీరే వెతకండి, అంది. తను ఇన్నాళ్ళూ కూర్చున్న చోట ఇప్పుడు అక్కను కూర్చోబెట్టింది. మా ఇద్దర్నీ నడవ పొడుగునా నడిపించి, ఒక్కో కొట్టు ముందూ ఆపి, బోర్డు వైపు వేలు చూపించింది.

ముప్ఫయ్యేళ్ళు బోర్డులు రాసినవాణ్ణి, అప్పుడు చూశాను. ఎర్ర కాగితం, నల్ల పేరు. ఎర్ర బట్ట, బంగారు పేరు. ఎర్ర చెక్క, తెల్ల పేరు. ఎరుపు అంతటా ఉంది, పేర్ల కింద. ఏ మనిషి పేరూ ఎర్రగా లేదు.

"రెడ్ నేమ్?" అన్నాను. నేను సొంతంగా మాట్లాడిన మొదటి ఇంగ్లీషు అదేనేమో.

పిల్ల తల ఊపింది. మనిషి పేరు ఎర్రగా రాస్తే, పోయినవాళ్ళ కిందనో, ఇక మనకు అక్కర్లేనివాళ్ళ కిందనో లెక్క. తను నమ్మదట. అమ్మ మాత్రం, పరీక్ష ముందు అలాంటిది ఆ టీచరు ఇంటినుంచి వచ్చింది కాబట్టి, పరీక్షయ్యేదాకా ఆ ఇంటి గడప తొక్కొద్దంది. మమ్మల్ని నొప్పించకూడదని జలుబు పేరు చెప్పింది.

అక్క, మా ఇంట్లో బైబిల్లో యేసు మాటలు ఎర్ర అక్షరాల్లోనే ఉంటాయని, మాకు అంతకంటే గౌరవమైన రంగు లేదని పిల్లకు చెప్పింది. పిల్ల అది విని, కొట్లోకి పరుగెత్తి, వాళ్ళమ్మకు వాళ్ళ భాషలో ఏదో చెప్పింది. ఆవిడ మా వైపు చూసింది, గింజల పళ్ళెం కింద పెట్టింది.

నేను లోపలికెళ్ళి రెండు చేతులూ చాచాను. ఆవిడ ప్యాడ్ ఇచ్చింది, ఈసారి పేరు నా వైపుండేలా. ఆ బజారులోనే ఎర్ర డబ్బా, బంగారు డబ్బా కొనుక్కొచ్చి, నడవలో నేల మీద కూర్చుని పేరంతా ఎర్ర రంగుతో కప్పేశాను. పూలు కూడా పోయాయి. ఆరేదాకా పక్క కొట్టువాళ్ళు వచ్చి చూశారు. ఒకాయన హెయిర్ డ్రయ్యరు తెచ్చి, అడక్కుండానే ప్యాడ్ మీదకు తిప్పాడు. తర్వాత బంగారు రంగుతో మూడు అక్షరాలు. మొదటి అక్షరం అయ్యేసరికి ఆవిడ నాకొక స్టూలు తెచ్చి వేసింది. రెండోదానికి వేడినీళ్ళు. మూడోది పూర్తయ్యాక ప్యాడ్ తీసుకుని, గల్లా పైన, కొట్లోకి అడుగుపెట్టినవాళ్ళకు మొదట కనిపించే చోట నిలబెట్టింది.

అప్పుడు కూతురితో ఒక్క మాట అంది. యూటింగ్ బ్యాగు భుజాన వేసుకుని మా వెంట బయల్దేరింది.

ఆ సాయంత్రం నుంచి పరీక్ష రోజు దాకా భోజనాల బల్ల ఖాళీగా లేదు. అక్క పాఠం పద్ధతి కొంచెం మార్చింది. పాసేజీ ఇచ్చి, ప్రశ్నలు పిల్లనే తయారుచెయ్యమంది, నాలుగేసి జవాబులతో సహా. మూడు తప్పు జవాబులు నమ్మేలా పెట్టాలంటే అసలు జవాబు ఎందుకు ఒప్పో తెలియాలి కదా. తప్పు జవాబులు కావాల్సినప్పుడల్లా నన్ను అడిగేవారు. నేను ఏది చెబితే అది తప్పు జవాబుగా రాసుకునేది. ఆ పనిలో నాకు ఎదురు లేదు.

ఇంటికొచ్చాక

ఫలితాలు వచ్చేసరికి నేను పాలకొల్లులో ఉన్నాను. దుబాయ్ ఎలా ఉందని అడిగినవాళ్ళకు మెట్రో గురించి, చేపల ధర గురించి చెబుతున్నాను. వేడినీళ్ళ గురించి మాత్రం ఎవరూ నమ్మడం లేదు. ఒక రోజు అక్క వీడియో కాల్ చేసింది, పక్కన యూటింగ్. ఇంగ్లీషు పాసైంది, 'ఎందుకు' ప్రశ్నలు చాలావరకు పట్టుకుంది. హాస్టలు మాట వాళ్ళ నాన్న ఇక ఎత్తడం లేదు. వాళ్ళమ్మ మా అక్కకు ఇంకో ఇద్దరు పిల్లల్ని తెచ్చింది.

నేను సంతోషం పట్టలేకపోయాను. నా నోరు ఆగదు కదా. పిల్ల పాసవడానికి సగం కారణం నా ప్యాడేనని, ఆ సంగతి బజారంతా చెప్పమని అక్కతో అన్నాను. అక్క నవ్వి ఆ మాట యూటింగ్‌కు ఇంగ్లీషులో చెప్పింది. యూటింగ్ కళ్ళద్దాలు సర్దుకుని, నిజంగానే ఆలోచించి జవాబిచ్చింది. అక్క తెలుగులో చెప్పింది.

"పాసేజీలో అలా ఎక్కడా లేదు అంకుల్. ఊహించుకుందామన్నా ఆధారం కనబడలేదు."